ఎప్పటిదాక అని అడిగే సార్

మొన్న సోమవారం పొద్దున జనగామ హెడ్డాఫీసులో పనిలో ఉండగా అటెండర్ వచ్చి, "మేడం, సార్ పోయిండట. బచ్చన్నపేట నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. ఏ సార్ అని అడగలేదు. మా కంపెనీలో ఉత్త సార్ అంటే ఒక్కరే. "సరే" అన్నాను. చేతిలో పని ముగించి, కంప్యూటర్ ఆపి, బ్యాగు తీసుకుని బయల్దేరాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ రాలేదు.

మాది పత్తి కంపెనీ. కేసముద్రంలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఎవరు కంప్యూటర్ తెరిచినా, అందులో ఇంటర్నెట్ చూసే బ్రౌజర్ ఎలా నడవాలో జనగామలో ఒకే కుర్చీలో కూర్చుని సార్ నిర్ణయించేవారు. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోనిచ్చేవారు కాదు. ఏదైనా సైటు ప్రమాదమని ఎర్ర పేజీ వస్తే, "అయినా వెళ్తాను" అనే మీటే లేకుండా చేశారు. సెట్టింగుల్లోకి పోతే "ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఒక వరుస కనబడేది. దాన్ని చూసి మేము "సార్ ఉన్నడు, సప్పుడు చేయకుండ్రి" అని నవ్వుకునేవాళ్లం.

ఆయన ఎనభైలలో ఇదే కంపెనీలో గోదాము తాళాలు చూసుకునే పనికి చేరారట. తాళంచెవి ఎవరు తీసుకెళ్లినా చీటీ రాయాలి. ఎవరు, ఎందుకు, ఎప్పటిదాక అని మూడు గడులు. గోదాముల నుంచి ఆయన కంప్యూటర్లకు వచ్చారు, చీటీ కూడా వెంట వచ్చింది. మూసిన సైటు తెరవాలన్నా, లేని మీట కావాలన్నా చేత్తో చీటీ రాసి జనగామ పంపాల్సిందే. మార్కెట్ యార్డులో తూకం చీటీలు గుచ్చినట్టు దాన్ని ఒక ఇనుప తీగకు గుచ్చేవారు. గడువు రోజు రాగానే మూసేసి చీటీ మీద అడ్డగీత కొట్టేవారు.

"ఇంటర్నెట్ పనికి బస్సుల చీటీ పంపుడేంది సార్?" అని ఒకసారి దెప్పాను.

"ఫోన్ల అయితే నోటికొచ్చింది అడుగుతవు. రాస్తే జర ఆలోచిస్తవు."

"నా మీద గంత అనుమానమా?"

"నీ మీద లేదు బిడ్డా, నీ కుర్సీ మీద. రేపు అండ్ల ఎవలు కూసుంటరో నాకేం ఎరుక?"

అప్పుడు నేను కేసముద్రం బ్రాంచిలో ఉన్నాను. పత్తి సీజను. లారీలు కిరాయికి కుదుర్చుకునే సైటు తెరిస్తే ఎర్ర పేజీ వస్తోంది. బయట రైతులు, లోపల నేను, మధ్యలో ఆ పేజీ. చీటీ రాసుకుని రైలెక్కి జనగామ పోయాను. మూడో గడి కావాలనే ఖాళీగా వదిలాను. గడువు రాస్తే మళ్లీ రావాలి కదా అని బద్ధకం. నేను పోయేసరికి సార్ భూపాలపల్లి వాళ్లతో ఫోన్లో ఉన్నారు. చీటీ అందుకుని, అలాగే మాట్లాడుతూ తీగకు గుచ్చారు. సాయంత్రానికి మీట తెరుచుకుంది. నేనే గెలిచాననుకున్నాను.

తర్వాత ఎర్ర పేజీ వచ్చినప్పుడల్లా చదవకుండానే మీట నొక్కడం అలవాటైంది. అలా ఒక రోజు నొక్కి నకిలీ సైటులోకి పోయాను. లారీల సైటే అనుకుని పాస్‌వర్డు కొట్టాను. దాన్ని పట్టుకుని ఎవరో మా కంపెనీ పేరుతో డ్రైవర్లకు తప్పుడు చిరునామా పంపారు. రెండు పత్తి లారీలు ఎటో మళ్లాయి. సార్ పొద్దంతా ఫోన్ పట్టుకుని ఆ రెండింటినీ వెనక్కి రప్పించారు.

మరునాడు యజమాని అందరినీ జనగామ పిలిపించారు. "ఎవలు అడిగితే తెరిచినవ్ ఆ మీట?"

"తెరిచింది నేను సార్. మూయంది గూడ నేనే" అన్నారు సార్.

వరుసగా నిలబడ్డవాళ్లలో నేను మూడోదాన్ని. ఆ చీటీ నాదని చెప్పకుండానే అందరితో పాటు బయటికొచ్చేశాను. సార్‌ను రికార్డు గదికి మార్చారు. చురుకైన పిల్ల అని ఆ కుర్చీ నాకిచ్చారు. ఎనిమిది రోజులు పక్కన కూర్చుని ఆయనే నాకు పని నేర్పారు. ఆ లారీల ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. చివరి రోజు మాత్రం, "అడిగెటోళ్లు ఏడుస్తరు, తిడుతరు. ఇయ్యాల్సింది ఇయ్యి. గాని ఎప్పటిదాక అని అడుగుడు మాత్రం మరువకు" అన్నారు. నన్ను దెప్పిపొడుస్తున్నారనుకున్నాను. ఆయన రిటైరయ్యాక ఒకసారి పోయి అంతా చెప్పుకోవాలనుకున్నాను. నేడు, రేపు అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. జనగామ నుంచి ఆయన ఊరు బచ్చన్నపేట ఎంత దూరమని!

సోమవారం పోయి చూశాను. అద్దాల పెట్టెలో నిద్రపోతున్నట్టు కూడా లేరు, చనిపోయినట్టే ఉన్నారు. వాళ్లావిడ నన్ను పక్కకు పిలిచి ఒక రేకు డబ్బా చేతిలో పెట్టింది. "ఆఫీసు కాయితాలు బిడ్డా. నువ్వే తీస్కపో. ఈడ ఎవలకు అక్కెర?"

ఇంటికొచ్చి మూత తీశాను. చుట్టగా చుట్టిన ఆ తీగ ఉంది. ఒక్కటి తప్ప చీటీలన్నిటి మీదా అడ్డగీతలున్నాయి. ఆ ఒక్కటీ అన్నిటికన్నా అడుగున ఉంది. నాది. నేను ఖాళీగా వదిలిన మూడో గడిలో సార్ చేతిరాత: "అడగలేదు. తప్పు నాది."

ఇన్నేళ్లూ ఆయన నన్ను కాపాడారనుకుని సిగ్గుపడ్డాను. ఆయన నన్ను కాపాడలేదు. నిజంగానే తన తప్పు అనుకున్నారు, అలా అనుకుంటూనే పోయారు. కాదు సార్, అది నాది అని చెప్పాల్సింది నేనొక్కదాన్నే, నేనేమో చెప్పలేదు. నిన్న యజమానికి చెప్పాను. "ఇప్పుడెందుకమ్మా గా ముచ్చట" అన్నారు.

ఈ పొద్దున భూపాలపల్లి అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఒక్క సైటు జర తెరువుండ్రి, లారీలు ఆగిపోయినయ్" అంది. చీటీ రాసి ఫొటో పంపమన్నాను. వచ్చింది. ఎవరు, ఎందుకు అన్న రెండు గడులూ నింపింది. మూడో గడి ఖాళీ.

"ఎప్పటిదాక?" అన్నాను.

అటువైపు ఆ అమ్మాయి ఆలోచిస్తోంది. ఇటు నా కుర్చీ పక్క కిటికీ ఊచకు కట్టిన సార్ తీగ, ఫ్యాను గాలికి ఊగుతోంది. అడ్డగీత లేని ఆ ఒక్క చీటీ అడుగున అలాగే ఉంది.