నిద్రగన్నేరు పక్కన బండ మీది నాచు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మేము కోస్తా నుంచి వచ్చి శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. రోడ్డు వెడల్పు చేయడానికి బస్టాపు దగ్గరి నిద్రగన్నేరు చెట్టును కొట్టేస్తామన్నారు. ఊరంతా కదిలింది. ఆడవాళ్లు చెట్టు చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో మా పిన్ని కూడా ఉంది. ఆవిడ కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పేది. చివరికి కాంట్రాక్టరు దిగివచ్చాడు. చెట్టును వదిలేసి, రోడ్డును పక్కనున్న బండలోంచి మళ్లిస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని ముఖం మాత్రం మాడిపోయింది.

ఆ బండకు ఎండ తగలని వైపు, నెర్రెల్లో ఒక రకం నాచు ఉండేది. చుట్టుపక్కల, అటు కందుకూరు దాకా ఎన్ని గుట్టలు తిరిగినా అలాంటిది తనకు ఇంకెక్కడా కనిపించలేదని పిన్ని చెప్పేది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. వేసవి కావడంతో నాచు ఎండిపోయి, మాడిన కొబ్బరి పీచులా ఉంది. కాంట్రాక్టరూ, చెట్టు కోసం కూర్చున్నవాళ్లు కొందరూ చుట్టూ చేరారు.

"గీ పాచి కోసం లొల్లి ఏంది మేడం? జర పక్కకు జరుగుండ్రి" అన్నాడాయన.

పిన్ని నా చేతికి నీళ్ల చెంబు ఇచ్చి పొయ్యమంది. పోశాను. చూస్తుండగానే ఆ పీచు మెల్లగా విచ్చుకుని పచ్చబడింది. అందరూ నోరు తెరిచి చూశారు. నేనైతే గెలిచేశామనే అనుకున్నాను.

"మంచిగనే ఉంది. గని నీడ ఇస్తదా?" అన్నాడు కాంట్రాక్టరు. చెట్టు కోసం ఏడ్చిన పక్కింటి అక్క కూడా నవ్వింది.

పిన్ని వాళ్ల వైపు తిరిగింది. "చెట్టు కోసం నేనూ మీతో కూర్చున్నాను. అది గింజ వేస్తే మళ్లీ మొలుస్తుంది, ఊరూరా ఉంది. ఇది పోతే ఎక్కణ్ణుంచి తెస్తారు? మీకు నీడ ఇచ్చేదే బతకాలా?"

ఈసారి ఊరు కదల్లేదు. సాయంత్రం బండను పేల్చేశారు.

పిన్ని ముందే గీరి తెచ్చిన కాస్త నాచును పెరట్లో రాతి మీద పెట్టి రోజూ నీళ్లు చిలకరించాం. కొన్నాళ్లకు నల్లబడి చచ్చిపోయింది. పాచే కదా, ఊరుకోవే అని అమ్మ పిన్నిని దగ్గరకు తీసుకోబోయింది. పిన్ని ఆ చెయ్యి తోసేసింది. "ఓదార్చకు అక్కా. నాకు కోపంగా ఉంది. ఉండనీ."

ఇప్పుడు నేను ఆనాటి పిన్ని వయసు దాటేశాను. ఏ చిన్న ప్రాణినైనా చూపించి, ఇది దేనికి పనికొస్తుందని ఎవరైనా నవ్వితే నా గొంతు లేస్తుంది. పెద్దదానివయ్యావు, ఇక కోపం తగ్గించుకో అంటారు ఇంట్లో. తగ్గించుకోను.