మామగారి పంచాంగంలో ఎర్రచుక్కలు

మా మామగారు జమ్మలమడుగులో గుడి అర్చకులు. ఇంట్లో ఆడవాళ్లు ఎవరైనా బయట చేరితే, ఆయన పంచాంగంలో ఆ తిథి పక్కన ఎర్రచుక్క పెడతారు. మడి కట్టుకుని నైవేద్యం వండేది ఎవరో ముందే చూసుకోవడానికి ఆ ఏర్పాటు. నేను వచ్చేసరికే అత్తకు ఆగిపోయింది కాబట్టి చుక్కలన్నీ నావే. కోడలిగా వచ్చిన కొత్తలో అవి చూసి నాకు ఒళ్లు మండిపోయింది. నా ఒంట్లో సంగతికి ఈయన ఎర్ర పెన్నేమిటి అనుకున్నాను. తర్వాత అదే పెన్నుతో పదమూడు నెలలపాటు ఆయన చేత అబద్ధాలు రాయించింది నేనే.

పెళ్లయిన రెండో ఏడాది నాకు నెలసరి ఆగిపోయింది. మొదటి నెల నేను పట్టించుకోలేదు. మా అత్త పట్టించుకుంది. నేను బయట చేరలేదని చూసి, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, బెల్లం పొంగలి వండి వీధిలో నాలుగిళ్లకు పంచింది. నేను ప్రొద్దుటూరులో టీచరుగా చేస్తున్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఎదురింటావిడ నా కడుపు వైపు చూసి నవ్వింది. పరీక్ష చేయిస్తే ఏమీ లేదని తేలింది. ఇంటింటికీ వెళ్లి తన గిన్నెలు తెచ్చుకుంటున్న అత్త ముఖం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి నెలా రాలేదు. మళ్లీ పొంగలి వండుతుందేమోనని హడలిపోయి, రోజులు లెక్కపెట్టుకుని, చాప తీసుకుని వెనకగదిలో కూర్చున్నాను. మామగారు చుక్క పెట్టారు. అందరూ నమ్మేశారు. సంగతి మా ఆయన ఒక్కడికే తెలుసు. "ఎందుకొచ్చిన రచ్చ, అట్లే కానీ" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నెలనెలా ఆ మూడు రోజులూ నాకు హాయిగానే ఉండేది. బడి నుంచి రాగానే పుస్తకం పట్టుకుని కూర్చుంటే అన్నం నా దగ్గరికే వచ్చేది. ఆ అన్నం ఎవరు వండుతున్నారో నేను ఆలోచించలేదు.

మొన్న వేసవిలో అలాంటి ఒక దొంగ మూడు రోజుల్లోనే అత్త వంటింట్లో జారిపడింది. తడి మడిచీర, చేతిలో నీళ్ల బిందె. చప్పుడు విని పరిగెత్తుకొచ్చి గడప దగ్గర ఆగిపోయాను. చేతులు ముందుకు చాచాను గానీ కాలు లోపలికి పెట్టలేదు. "ముట్టుకోగాకే, నైవేద్యం ఉండాది" అని ఆమె అరిచింది. ఎదురింటావిడ వచ్చి లేపేదాకా నేలమీదే ఉంది. అప్పటి నుంచి ఆమె ఎడమ మోకాలు సరిగా వంగదు.

ప్రొద్దుటూరు డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. మింగినా రాలేదు. "ఇట్లే వదిలేస్తే బిడ్డ సంగతి అటుంచు, ఈ వయసుకే ఎముకలు గుల్లయిపోతాయి" అంది. దీని మీద కొత్త మందును పరీక్షిస్తున్నారట, ఎక్కడ జరుగుతోందో వెతుక్కోమని ఆమే చెప్పింది. బడికి పోయే బస్సులో కూర్చుని, ఇలాంటి ప్రయోగాల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు తిరగేశాను. ఢిల్లీ, ముంబై, బెంగళూరు అన్నీ దాటాక పులివెందుల అని కనిపించింది. నమ్మలేక రెండుసార్లు చదివాను.

ఫోన్ చేస్తే ట్రయల్ పనులు చూసే ఒకావిడ ఓపిగ్గా చెప్పింది. కనీసం ఆరు నెలలుగా నెలసరి రాకుండా ఉండాలి. చేరినవాళ్లలో కొందరికి మందు ఉన్న మాత్ర, కొందరికి మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది పోతోందో తమకూ తెలియదంది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చంది. చివర్లో, తేదీలు రాసుకున్న కాగితాలేమైనా ఉంటే తీసుకురమ్మంది. ఆ చివరి మాట, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నా పక్కన చేరిన అత్త చెవిన కూడా పడింది. పిల్లల కోసం పరీక్షలని బొంకాను.

"ఒక్కదానివే యాడ పోతావు, నేనూ వస్తా" అంది.

వద్దంటే అనుమానం వస్తుంది. సరేనన్నాను. ముద్దనూరు మీదుగా పోయే బస్సులో, డాక్టరు గదిలోకి వెళ్లేముందు ఆమెను బయట ఎలా కూర్చోబెట్టాలా అనే ఆలోచనతోనే సరిపోయింది.

ఉపాయం ఏదీ తట్టలేదు. ఇద్దరం ఒకేసారి లోపలికి వెళ్లాం. ఫోన్‌లో మాట్లాడినావిడే బల్ల వెనక ఉంది. "ఆఖరిసారి ఎప్పుడు వచ్చిందమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"పోయిన మంగళారం గదా. తేదీలు తెమ్మన్నారంట, తెచ్చినా." సంచిలోంచి పసుపుగుడ్డ మూట తీసి విప్పింది. రెండు పంచాంగాలు. పోయినేటిది, ఈయేటిది. "మా ఆయన ఒక్క నెల గూడా ఇడవకుండా పెట్టినాడు, సూడు మా."

ఆవిడ పేజీలు తిప్పుతూ పోయింది. ఆ పొంగలి నెల తప్ప ప్రతి నెలా ఎర్రచుక్క, పొల్లుపోకుండా.

"ఇవి నిజమైతే మిమ్మల్ని చేర్చుకోలేమమ్మా. మీకు సరిగ్గానే వస్తోంది కదా" అంది.

బయటికి పొమ్మనేదాకా అలాగే కూర్చుని ఉండేదాన్నేమో. ఎముకలు గుర్తొచ్చాయి. "అవన్నీ అబద్ధం. పద్నాలుగు నెలలుగా రాలేదు. ఊరికే కూర్చున్నా" అన్నాను. అత్త వైపు చూసే ధైర్యం లేక, గోడ మీద గడియారానికి చెప్పినట్టు చెప్పాను.

అత్త రెండు పంచాంగాలూ మళ్లీ పసుపుగుడ్డలో చుట్టుకుని, కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయింది. బల్ల వెనకావిడ నా చేత నిజం కాగితం మీద రాయించుకుని, రక్తపరీక్షకు, స్కానింగ్‌కు పంపింది. అవి చూసి వారం తర్వాత నన్ను చేర్చుకున్నారు. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజును తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది అది కాదు.

పరీక్షలయ్యాక వచ్చి చూస్తే అత్త వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒళ్లో పంచాంగం తెరిచి ఉంది. వేలు ఒక చుక్క మీద పెట్టి నాకు చూపించింది.

"ఇది గూడా అబద్ధమేనా?"

"ఊఁ."

"నేను పడిన దినం ఇది."

నాకు అప్పటిదాకా తట్టలేదు. ఒట్టు, ఒక్కసారి కూడా తట్టలేదు. గడప దగ్గర నిలబడినప్పుడు నేను కూడా ఆ చుక్కను నమ్మేశాను.

"అంటే ఆ పొద్దు నువ్వు నన్ను పట్టుకోవచ్చు గదా" అంది. కోపంగా అనలేదు. ఎంత ఆలోచించినా అర్థం కాక అడిగినట్టు అడిగింది.

ఏడుపొచ్చింది. లేపుదామని చేయి చాచాను. ఆమె ఆ చేతిని కాసేపు చూసింది. తర్వాత బెంచీ అంచు పట్టుకుని, పళ్లు బిగబట్టి, తనే లేచింది. బస్టాండు దాకా నా ముందే నడిచింది. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే కండక్టరును పిలిచి, అతని చేయి పట్టుకుని ఎక్కింది.