వెలిగే నాడా

మా ఇంట్లో కొత్త బట్ట పసుపు పెట్టకుండా ఒంటి మీదికి రాదు. చీరైనా, చుడీదారైనా, మా అన్న ఆటో నడపడానికి వేసుకునే ఖాకీ చొక్కా అయినా సరే, ఏదో ఒక మూల చిటికెడు పసుపు అద్దాకే తొడుక్కోవాలి. ఇదివరకు మా అమ్మ పెట్టేది, ఇప్పుడు వదిన పెడుతుంది. ఆ పసుపు మీద నేనొక నింద వేశాను. అది అబద్ధమని వారం తిరక్కుండానే నాకు తెలిసింది. తెలిసీ ఏడాది పాటు నోరు విప్పలేదు.

నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కరెంటు మీటర్లలోకి పోయే బోర్డులు మా దగ్గర తయారవుతాయి. వాటి మీద సోల్డరింగ్ సరిగ్గా ఉందో లేదో చూడడం నా పని. భూతద్దం బిగించిన దీపం కింద బోర్డు పెట్టి ఒక్కో అతుకూ చూస్తాను. పైకి అంటుకున్నట్టే ఉండి లోపల పట్టుకోని అతుకును డ్రై సోల్డర్ అంటారు. అలాంటిది కనిపిస్తే పక్కన ఎర్ర బాణం స్టిక్కర్ అంటించి వెనక్కి పంపుతాను. నేను లైన్ వైపు నడిచి వస్తుంటే అతుకులు పెట్టే అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. దయలేని మనిషినని నా వెనక అనుకునేవారు. నాకు అది కిరీటం పెట్టినంత గొప్పగా ఉండేది.

ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు తమ ఫెస్ట్‌లో సైన్స్ ఫిక్షన్ వేషాల పోటీ పెట్టారు. బయటివాళ్లు కూడా రావచ్చన్నారు. నాది డిప్లొమాతో ఆగిపోయిన చదువు. ఇంజినీరింగ్ చదవలేదన్న దిగులు పైకి చెప్పుకోలేదు గానీ, ఆ పిల్లల మధ్య నిలబడి నేనూ తక్కువదాన్ని కాదని చూపించాలని మనసులో బలంగా ఉండేది. పోటీ పేరు వినగానే ఆ కోరిక నిద్ర లేచి కూర్చుంది.

వేషం నా సొంత ఊహే. సూర్యుడు లేని ఒక గ్రహం, అంతా చీకటి సముద్రం, దాని అడుగున బతికే ఆడమనిషి. ఒంటి మీద గీతలే ఆమెకు దీపాలు. నల్లటి బట్ట మీద మెడ నుంచి మణికట్ల దాకా, పక్కటెముకల వెంట, నీలం వెలుగు పారాలి. చిన్న బల్బులు పెడితే పెళ్లి పందిరిలా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. నాకు కావలసింది తెగని గీత. అందుకని ఈఎల్ వైరు తెప్పించాను. ఎలక్ట్రోల్యూమినిసెంట్ అని దాని పూర్తి పేరు. చూడడానికి మామూలు ప్లాస్టిక్ తీగే. లోపల పూత పూసిన రాగి, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నని తీగలు రెండు. నేరుగా బ్యాటరీకి కలిపితే వెలగదు. మధ్యలో అగ్గిపెట్టెంత ఇన్వర్టర్ ఉండాలి. అప్పుడు పొడుగునా ఒకే తీరుగా వెలుగుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే దోమ పాడినట్టు సన్నగా వినిపిస్తుంది.

మొదటిసారి వెలిగించిన రోజు వదిన పొయ్యి మీద చారు వదిలేసి వచ్చి చూసింది. భయంభయంగా వేలు పెట్టింది.

"కాలుతలేదే!" అంది. "మరి గిది దేనికి?"

చెప్పాను. శ్రద్ధగా విని, చాలాసేపు ఆలోచించి, "గా గ్రహంల సూర్యుడే లేకుంటె బట్టలెట్ల ఆరేస్తరు?" అంది.

"వాళ్లు నీళ్లల్లనే ఉంటరు వదినా. ఆరేసుడేంది?"

"అయితె మస్తు నసీబున్న ఆడోళ్లు" అని మళ్లీ చారు దగ్గరికి పోయింది.

వదిన ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఉప్పల్‌లో మా గల్లీ ఆడవాళ్లలో సగం మంది కొలతలు ఆమెకు పుస్తకం చూడకుండా నోటికి వచ్చు. నేను మాత్రం ఈ పనిలో ఆమెను కలుపుకోదలచుకోలేదు. ఇది ఎలక్ట్రానిక్స్, జాకెట్ల పని కాదు అనుకున్నాను. గ్లూ గన్‌తో తీగను బట్టకు అంటించాను. తొడుక్కుని చెయ్యి మడవగానే మోచేతి దగ్గర టపటపా ఊడిపోయింది. మళ్లీ అంటించాను, మళ్లీ ఊడింది. మూడోసారి ఊడినప్పుడు తీగను నేలకేసి కొట్టాను. వదిన దాన్ని తీసి, దులిపి, చుట్ట చుట్టింది.

"లంగాకు నాడా ఎక్కించినట్టు ఎక్కిస్తె అయిపాయె గదా" అంది.

అంతే. నేను పదిరోజులు ఫోన్‌లో వీడియోలు చూసి కనిపెట్టలేనిది ఆమెకు ఒక్క మాటలో తేలిపోయింది. పాత నల్ల నెట్ చున్నీని పేలికలుగా కోసి, బట్ట మీద సన్నని గొట్టాల్లా కుట్టింది. తీగ కొసకు పిన్నీసు పెట్టి అందులోంచి లాగింది. వెలుగు నెట్‌లోంచి బయటికి వచ్చింది, తీగ మాత్రం ఎటూ జరగలేదు. మోచేతుల దగ్గర గొట్టాన్ని కొంచెం వదులుగా ఉంచింది. జాకెట్టు చేతులకు కూడా అట్లాగే వదలాలట, లేకపోతే చెయ్యి ఎత్తినప్పుడు పట్టేస్తుందట. మిషన్ సూది తీగలోకి దిగుతుందేమోనని వంపులన్నీ చేత్తోనే కుట్టింది. మూడు ఆదివారాలు ఆమె అదే పని మీద ఉంది. ఈఎల్ వైరు అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది వెలిగే నాడానే.

నా పని ఏమిటంటే అతుకులు పెట్టడం. ఇన్వర్టర్ నుంచి కుడివైపు తీగకు రెండు, ఎడమవైపు తీగకు రెండు. అన్నీ కలిపి నాలుగు. ఆ బట్ట మీద వదిన కుట్లు ఎన్నో నాకు తెలియదు గానీ నా అతుకులు మాత్రం నాలుగే నాలుగు.

నాలుగోది పోటీకి ముందు రోజు, డ్యూటీ నుంచి వచ్చాక పెట్టాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. సోల్డరింగ్ ఐరన్ మళ్లీ పూర్తిగా కాగక ముందే పెట్టేశాను. అతుకు కొంచెం మసకగా కనిపించింది. స్విచ్ వేస్తే వెలిగింది. వెలిగింది కదా అనుకుని పైన టేపు చుట్టేశాను. ఫ్యాక్టరీలో ఎవరైనా అట్లా చేసి ఉంటే ఎర్ర బాణం అంటించి, నాలుగు మాటలు కూడా అంటించేదాన్ని.

ఆ సాయంత్రమే వదినకు గట్టిగా చెప్పాను. "దీనికి తడి తగలొద్దు వదినా. తెగిన కొసల దగ్గర తడి తగిల్తె షాక్ కొడ్తది, తీగ కూడ ఖరాబైతది." ఆమె సరే సరే అని తలూపింది.

మరునాడు పొద్దున బయల్దేరుతుంటే, మడిచిన వేషం సంచిలో పెడుతూ, "పసుపు పెట్టిన. మంచిగైతది, ఫికర్ జెయ్యకు" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా బస్సుకు టైమైందని ఏమీ అనలేదు. ఎక్కడ పెట్టావని కూడా అడగలేదు. వదిన కూడా నాతో వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. చేతిసంచిలో సూది, దారపు ఉండ, పిన్నీసులు, మధ్యాహ్నానికి పులిహోర.

కాలేజీ హాల్లో దీపాలన్నీ ఆర్పేశారు. నేను స్టేజీ మీదికి నడిచి స్విచ్ నొక్కాను. అంతమంది ఒక్కసారిగా "ఓ" అన్నారు. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మైకు పట్టుకున్న కుర్రాడు దగ్గరికి వచ్చి, "అద్భుతంగా ఉంది. ఇదంతా మీరే చేసుకున్నారా?" అని అడిగాడు.

"అవును. అంతా నేనే" అన్నాను.

మూడో వరసలో కూర్చున్న వదిన ఆ మాటకు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

తర్వాత రెండు చేతులూ పైకెత్తి గిర్రున తిరిగాను. ఎడమవైపు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. కుడి సగం మాత్రం వెలుగుతూ, నడిమికి నరికినట్టు నిలబడ్డాను. ఎవరో ఈల వేశారు. దీపాలు వేశారు. కిందికి దిగాక న్యాయనిర్ణేతల్లో ఒక మేడం దయగానే పలకరించింది. "చాలా బాగుందమ్మా. ఏమైంది ఎడమవైపు?"

తెలియదు అనొచ్చు. అంతకన్నా సులువైన మాట లేదు. చుట్టూ ఆ కాలేజీ పిల్లలు. వాళ్ల ముందు నా అతుకు ఊడిందేమో అని అనడం నావల్ల కాలేదు. అప్పుడే సంచి పట్టుకుని వదిన గబగబా వచ్చింది.

"మా వదిన పసుపు పెట్టిందండీ. తడి తగలొద్దని చెప్పినా వినలేదు" అన్నాను.

"పసుపా?" అని ఒకమ్మాయి నవ్వింది. పక్కవాళ్లూ నవ్వారు. వాళ్లు నవ్వుతున్నది నన్ను చూసి కాదు గదా అని నాకు ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు ముడుచుకుపోతుంది. అంతటితో ఆగానా? వదిన వైపు తిరిగి, "ఎవరు పెట్టమన్నరు నిన్ను? లక్షసార్లు చెప్పిన గదా! గింత కూడ తెల్వదా?" అని అందరూ వినేటట్టు అరిచాను.

"మంచిగైతదని పెట్టిన. ఎండినంకనే..." అని ఆమె ఏదో చెప్పబోయింది.

"ఇగ చాలు" అన్నాను.

వెలిగినంతసేపు అంతా నేనే. ఆరిపోగానే వదిన. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ ఆడలేనిది నేనే అవుతానని అనుకోలేదు.

బస్సులో ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పులిహోర డబ్బా ఎవరమూ తెరవలేదు. ఇంటికి పోగానే అన్న ఏమైందని అడిగితే, నేను చెప్పే పని లేకుండా ఆమే చెప్పింది. "నా వల్లనే ఖరాబైంది. ఉత్తపుణ్యానికి పసుపు పెట్టిన."

తర్వాతి ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేషం తీసి తిరగేశాను. ముందు పసుపు ఎక్కడుందో వెతికాను. బట్ట మీద ఎక్కడా లేదు. మెడ వెనక, లోపలివైపు, ఒక్క తీగ కూడా పోని చోట, రూపాయి బిళ్లంత లైనింగ్ ముక్క కుట్టి ఉంది. పసుపు దాని మీద ఉంది. తడి తగలొద్దన్నానని వేరే ముక్కకు పసుపు పెట్టి, ఆరబెట్టి, ఎండాక తెచ్చి కుట్టింది. ఆ రోజు ఆమె చెప్పబోయింది అదే. తర్వాత ఎడమవైపు టేపు విప్పాను. నాలుగో అతుకు, పట్టుకుని లాగితే, ఊడి చేతికి వచ్చింది.

ఐరన్ బాగా కాగబెట్టి మళ్లీ అతికాను. రెండువైపులా వెలిగింది. మడిచి బీరువాలో అడుగున పెట్టేశాను. వదిన కూరగాయల సంచితో వచ్చింది. ఆ క్షణమే చెప్పాల్సింది. ముఖం చెల్లలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. అట్లాంటి రేపులు చాలా పోయాయి.

ఈలోగా అన్నకు ఇదొక కథ అయిపోయింది. ఇంటికి ఎవరు వచ్చినా, "మా ఆమె జర పసుపు పెడ్తె కాలేజి కరెంటే పాయె" అని మొదలుపెట్టేవాడు. చుట్టాలు పడీపడీ నవ్వేవారు. వదిన కూడా తలవంచుకుని నవ్వేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కథ వచ్చినప్పుడల్లా నేను గ్లాసులు తీసే నెపంతో లోపలికి పోయేదాన్ని. కొన్నిసార్లు పోకుండా నేనూ నవ్వాను.

ఇంకొకటి కూడా మారింది. నేను కొత్త డ్రెస్ తెచ్చుకుంటే వదిన పసుపు డబ్బా నా చేతికిచ్చి, "నీది నువ్వే పెట్టుకో" అనేది. నా మీద అలిగిందనుకున్నాను. అలగడం ఆమె హక్కే, పడదాం అనుకున్నాను.

మొన్న వదిన వాళ్ల అక్క వచ్చింది. ఆమె బిడ్డకు ఓణీల ఫంక్షన్. లంగా, జాకెట్టు వదినే కుట్టింది. మడతపెట్టి, అక్క ముందు పెట్టి, పక్కన పసుపు డబ్బా పెట్టింది.

"నువ్వే పెట్టు" అంది అక్క. "కుట్టినదానివి."

"వద్దక్కా, నువ్వే పెట్టు. నా చెయ్యి మంచిగ లేదు."

అక్క నవ్వింది. అన్న వెంటనే కాలేజీ కథ ఎత్తుకున్నాడు. వదిన ఎప్పట్లాగే నవ్వింది గానీ చేతులు కొంగు కింద పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు. ఆమె ఏడాదిగా నా మీద అలగలేదు. తన చేతిని తానే అనుమానిస్తూ ఉంది.

వదినను మిషన్ ఉన్న గదిలోకి పిలిచి, గుమ్మానికి కర్టెన్ లాగాను. తిట్టింది అంతమందిలో, ఒప్పుకున్నది గదిలో. అదీ నా ధైర్యం.

"వదినా, ఆ రోజు ఆరిపోయింది నీ పసుపుతోని కాదు. నేను పెట్టిన అతుకు ఊడింది. నాకప్పుడే తెలుసు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "పసుపుతోని కాదా?"

"కాదు."

"పక్కాగ?"

"పక్కాగ. నువ్వు కుట్టిన ముక్క దగ్గర తీగనే లేదు."

తిడుతుందని నిలబడ్డాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె "అబ్బ" అని స్టూలు మీద కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ముఖంలో కోపం లేదు, సంతోషం ఉంది. కోప్పడితే భరించేదాన్ని. ఆ సంతోషం చూశాక నాకు తలెత్తబుద్ధి కాలేదు.

కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి, కర్టెన్ తోసుకుని బయటికి పోయింది.

"అక్కా, నా చెయ్యి కాదట! గా డబ్బ ఇటియ్యి."

"మరి ఎవరిదట తప్పు?" మా అన్న గొంతు వినిపించింది.

"ఎవరిదైతేంది నీకు? నాది కాదట, గంతే" అంది వదిన. నా పేరు చెప్పలేదు.

నేను కర్టెన్ వెనకే నిలబడి ఉన్నాను. బయటికి రెండడుగులు. వెయ్యలేదు. అన్నకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.