సార్ గోడ మీద నీలి గీత

సార్ పోయారు. మంగళవారం పొద్దున, డయాలసిస్‌కు తీసుకెళ్ళే ఆటో గేటు ముందు ఆగేసరికే పోయారు. ఆ సంగతి తెలియక నేను కోవా డబ్బా పట్టుకొని, ముఖమంతా నవ్వుతో ఆ ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గర అన్ని చెప్పులు చూశాకగానీ నా కాళ్ళు ఆగలేదు.

గోదావరిఖనిలో మా కాలనీ పిల్లలందరికీ సైన్సు చెప్పిన సార్ ఆయన. మా బిడ్డకూ ఆయనే చెప్పారు. నేను బొగ్గుబాయి లాంపురూములో పనిచేశాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ దీపం, టోకెన్ ఇవ్వడం, పైకొచ్చాక వాటిని తీసుకోవడం నా పని. ఒకసారి షిఫ్టు అయిపోయినా ఒక టోకెన్ రాలేదు. మనిషి లోపలే చిక్కుకున్నాడని గోల పెట్టి అందరినీ ఉరికించాను. తీరా చూస్తే అతను గాలి లాగే ఫ్యాను వైపున్న రెండో దారిలో పైకొచ్చి, ఇంట్లో అన్నం తింటున్నాడు! అప్పటినుంచి సార్‌కు నేను లోకువ. ఎక్కడ కనిపించినా ఒకటే మాట: "ఏం లాంపురూం, అందరు పైకెక్కిండ్రా?"

మా బిడ్డ హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. ఈ మాట రాస్తుంటేనే నా ఛాతీ ఉబ్బుతోంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్, తన కణంలోంచి బయటపడితే ముక్కలై కిడ్నీ జల్లెడలోంచి జారిపోతుందట. పోతూ పోతూ కిడ్నీని పాడుచేస్తుందట. అలా విడిపోకుండా దాన్ని మార్చి, ఎలుక కిడ్నీలోకి పంపి, ఎటు పోతుందో చూడటం ఆమె పని. ఏడో తరగతి చదివిన నాకు ఇదంతా అర్థమయ్యేలా చెప్పింది సారే. వరండా గోడ మీద ఎర్రసుద్దతో కేశనాళికలు గీసి మరీ చెప్పారు.

పోయినేడు బిడ్డ ఫోన్లో ఏడ్చింది. "బాపూ, లోపలికి పంపినయన్ని బయటికొస్తలేవు. కిడ్నీలనే ఇరుక్కున్నయేమో. గట్లయితే నా పనంత వట్టిదే."

పరుగున పోయి ఫోన్ సార్ చేతిలో పెట్టాను.

"నువ్వు గూడ మీ బాపు లెక్కనే గోల పెడుతున్నవ్ బిడ్డా," అన్నారు సార్. "రెండో దారి చూసినవా? శోషరస నాళం?"

"అది నూలుపోగు కంటే సన్నగుంటది సార్. పట్టుడు కష్టం."

"కష్టమైతే మెల్లగ పట్టు. ఏడుపెందుకు?"

అప్పుడే గోడ మీద ఎర్ర గీతల పక్కన ఆ రెండో దారిగా ఒక నీలి గీత గీసి, దాని చివర ఖాళీగా ఒక సున్నా చుట్టారు. "ఇది నువ్వే నింపాలె లాంపురూం, బిడ్డ చెప్పంగనే."

అప్పటికే సార్ కిడ్నీలు పనిచేయడం మానేశాయి. దవాఖాన నుంచి రాగానే, చేతికి దూది, దాని మీద ప్లాస్టర్‌తోనే, ఆ గోడకు ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు. "ఫోన్ అచ్చిందా?" అని అడిగేవారు. "గిది నాకు మందు కాదని తెల్సు. అయినా తెల్సుకోని పోవాలె."

దసరాకు సున్నం వేసినా ఆ బొమ్మ జోలికి పోనివ్వలేదు.

సోమవారం సాయంత్రం బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, దొరికినయ్! సార్ చెప్పిన దారిలనే తిరిగొస్తున్నయ్!" నేను ఎగిరి గంతేశాను. అప్పుడే పోయి చెప్పాల్సింది. సార్ ఇల్లు నాలుగు గడపల అవతలే. ఇంత పెద్ద మాట ఉత్త చేతులతో ఎలా చెప్పేది, పొద్దున మిఠాయి కొనుక్కొని పోదాం అనుకున్నాను. ఆ ఒక్క రాత్రి ఆగినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పదకొండో రోజు సార్ భార్య నా చేతిలో అరిగిన నీలి సుద్దముక్క పెట్టింది. "తలగడ కింద ఉండె అన్నా. నువ్వే రాయాలెనట గద."

గోడ దగ్గరికి పోయాను. వంకర అక్షరాలతో ఆ సున్నాలో రాశాను: "అందరు పైకెక్కిండ్రు సార్."

వెనక్కి తిరిగితే ఖాళీ కుర్చీ. దాని చేతికి, సార్ ఎప్పుడో పీకి అంటించిన తెల్ల ప్లాస్టర్ ముక్క ఇంకా అలాగే ఉంది.