నమిలిన బియ్యం

జైలు శాఖలో పనిచేసిన వాళ్లను కదిలిస్తే గోడ దూకిన ఖైదీల కథలు చెబుతారు. నేను పనిచేసిన సబ్‌జైల్లో గోడ దూకిన వాడు ఒక్కడూ లేడు. కృష్ణా డెల్టాలో పాత తాలూకా ఊరు అది. పెంకుల కప్పు, రెండు బారకులు, కోర్టు వాయిదాల కోసం కాచుకు కూచున్న రిమాండు ఖైదీలు. తొంభైల మొదట్లో నేనక్కడ వార్డర్‌ని. పటమట నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. అక్కడ ఒక మనిషి మీద దొంగ అన్న ముద్ర వేయించింది నేను. దానికి నేను లాఠీ ఎత్తలేదు. ఉపన్యాసం ఇచ్చాను.

ఉపన్యాసం నాకు బాగా వచ్చు. కాలేజీ రోజుల నుంచీ పటమటలో ఆదివారాల చర్చావేదికల్లో పెరిగినవాణ్ణి. బాబాల చేతుల్లో విభూది ఎలా పుడుతుందో జనం ముందు చేసి చూపించాం. ఏ దేవతా పూనకుండానే నిప్పుల గుండం తొక్కి, అరికాళ్లు కాలకపోవడంలో మహిమేమీ లేదని నిరూపించాం. దేన్నయినా అడిగి గానీ నమ్మకూడదన్నది మా మొదటి పాఠం. ఖాకీ బట్టలు తొడుక్కున్నాక కూడా ఆ వేడి తగ్గలేదు. మా హెడ్ వార్డర్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ భక్తుడు. డ్యూటీ ఎక్కేటప్పుడు గేటు తాళానికి కూడా దణ్ణం పెట్టేవాడు. నన్ను పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాడు. "ఏమయ్యా నాస్తికం, టీ తాగావా?" అనేవాడు.

ఆ వేసవి మొదట్లో మా దగ్గర ఒక మెకానిక్ ఉండేవాడు. భవానీపురం మనిషి, ముప్పై ఏళ్ల ముస్లిం. ఆటోనగర్‌లో ఒకరి షెడ్డులో మూల చోటు తీసుకుని లారీల గేర్‌బాక్సులు విప్పి బిగించేవాడు. దొంగ లారీలోంచి విప్పిన గేర్‌బాక్సు కొన్నాడని కేసు. దొంగసొత్తని తనకు తెలియదంటాడు. రెండు నెలలుగా లోపలే ఉన్నాడు. ఆ శుక్రవారం బెయిలు వాయిదా. ఈసారి తప్పక వస్తుందని వకీలు చెప్పాడు. షెడ్డు యజమాని రంజాన్ పండగ దాకా ఆ చోటు ఉంచుతానన్నాడట. అది దాటితే వేరేవాడికి ఇచ్చేస్తాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. అతనికి ఆ శుక్రవారం తప్ప ఇంకో ఆలోచన లేదు.

అవి రోజాల రోజులు, రంజాన్ ఉపవాసాలు. ఆ ఎండలో గుక్కెడు నీళ్లు తాగకుండా ఉండేవాడు. నేను ఊరుకుంటానా?

"దాహమేస్తే నీళ్లు తాగాలయ్యా. శరీరానికి మతం తెలియదు."

"మీరు నిప్పులు తొక్కారంట కదా సార్. ఎందుకు తొక్కారు?"

"జనానికి నిజం చూపించడానికి."

"నేను ఎవరికీ ఏమీ చూపించట్లేదు సార్," అని నవ్వాడు. నాకు కొంచెం కోపం వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం మా సూపరింటెండెంటు చేతిగడియారం పోయింది. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి తీసి బల్ల మీద పెట్టాడట. తిని వచ్చేసరికి లేదు. పెళ్లిలో అత్తవారు పెట్టిన గడియారం. ఆ పూట ఆఫీసు ఊడ్చి, నీళ్లు మోసినవాళ్లు ఐదుగురు ఖైదీలు. మెకానిక్ వాళ్లలో ఒకడు. ఐదుగుర్నీ వెతికారు, బారకు వెతికారు, దొరకలేదు.

"అమ్మవారి గుడి బియ్యం తెప్పిస్తానండీ," అన్నాడు హెడ్ వార్డర్. "తలా గుప్పెడు నమిలిద్దాం. దొంగెవడో వాడి నోట్లో బియ్యం తడవదు. మా ఊళ్లో తాతల నాటి నుంచీ ఉన్నదే."

"ఊరుకోవయ్యా! బీఎస్సీ చదివినవాణ్ణి. బయట తెలిస్తే నవ్విపోతారు," అన్నాడు సూపరింటెండెంటు.

అక్కడితో అది ఆగిపోవలసింది. నేను నోరు తెరిచాను.

"అమ్మవారేం లేదు సార్. భయపడ్డవాడికి లాలాజలం ఊరదు, నోరెండిపోతుంది. అంతే. దానికే వీళ్లు మహిమని పేరు పెట్టుకున్నారు."

"అంటే సైన్సేనంటావా?"

"సైన్సే సార్."

"మరీయన అమ్మవారంటాడేంటి?"

"ఏదయితే ఏవిటి లెండి," అన్నాడు హెడ్ వార్డర్. "పట్టేది దొంగనే కదా!"

ఒక మూఢనమ్మకాన్ని చదువుకున్నవాడు సిగ్గుపడకుండా వాడుకునేలా కడిగి ఇచ్చాను. అప్పుడు అలా అనిపించలేదు. గెలిచాననిపించింది. గుడి బియ్యం వద్దని వంటశాల బియ్యం తెప్పించాను. అందరికీ సమానంగా ఉండాలని చెంచాతో కొలిచి మరీ ఐదు కాగితాల్లో పోశాను. ఎండ మండిపోతున్న మూడు గంటల వేళ, వరండాలో ఐదుగురూ వరసగా నిలబడ్డారు.

మెకానిక్ కాగితం అందుకోలేదు. "నోట్లో పెట్టుకుంటే నా రోజా పోతుందండీ. సాయంత్రం నములుతా."

"ఏం సాయిబూ, అప్పటిదాకా దేవుణ్ణి మాట్లాడుకుంటావా?" అన్నాడు హెడ్ వార్డర్. మిగతా వార్డర్లు నవ్వారు. సూపరింటెండెంటు కళ్లు చిన్నవయ్యాయి.

నేను అతన్ని పక్కకు తీసుకెళ్లాను. "మింగొద్దు. నమిలి ఉమ్మెయ్. నీ రోజాకేం కాదు. ఇప్పుడు కాదంటే అనుమానం నీ మీదికే వస్తుంది."

"మీరు చెప్తున్నారని నములుతున్నా సార్."

జీవితమంతా మతాన్ని దులిపినవాణ్ణి, ఆ పూట ముల్లానై అతనికి ధర్మం చెప్పాను. ఇంతకంటే చెప్పుకోవలసిన సిగ్గు ఇంకొకటుంది. రోజా అన్న మాట అతని నోటితో విన్నాక కూడా నా బుర్రలో మతం మెదిలింది గానీ నీళ్లు మెదల్లేదు. తెల్లవారుజాము నుంచి చుక్క నీరు తాగని మనిషి నోరు ఎండి ఉంటుందని బడిపిల్లవాడికి కూడా తోస్తుంది. నాకు తోచలేదు. ఉపవాసాన్ని నేను ఎప్పుడూ ఒక అభిప్రాయంగానే చూశాను, వాదించి ఓడించవలసిన అభిప్రాయంగా. దాని వెనక ఉన్న ఒంటిని చూడలేదు.

నలుగురు తడి ముద్దలు ఉమ్మారు. అతను ఉమ్మింది పొడి నూక.

అప్పుడు నాకు తెలివొచ్చింది. "సార్, ఇతను ఉపవాసం ఉన్నాడు. అందుకే తడవలేదు. ఈ పరీక్ష చెల్లదు."

"ఇందాక సైన్సన్నావు కదయ్యా?"

ఆ నిమిషంలో నేను అనవలసిన మాట ఒకటే. అసలు బియ్యం నమిలించి దొంగను పట్టడమే తప్పు, దొంగ కానివాడికీ భయముంటుంది, జైల్లో మరీ ఉంటుంది. ఆ మాట అనలేదు. ప్రయోగం సరిగ్గా జరగలేదన్నాను. పొద్దు వాలి అతను నీళ్లు తాగాక మళ్లీ చేద్దామన్నాను.

"సరే, నీ ముచ్చటా తీరుద్దాం," అన్నాడు సూపరింటెండెంటు. "ఈలోగా హెడ్డు ఓసారి మాట్లాడతాడులే."

నన్ను గేటు డ్యూటీకి పంపారు. లోపల సామాన్ల గదిలో హెడ్ వార్డరూ ఇంకో ఇద్దరూ అతనితో రెండు గంటలు మాట్లాడారు. ఆ మాటలు గేటు దాకా వినిపించాయి. నేను గేటు వదల్లేదు. పరీక్షయ్యే దాకా ఆగమని చెప్పాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

పొద్దు వాలింది. అతన్ని వరండాలోకి తెచ్చి గోడకు ఆనించి కూచోబెట్టారు. గ్లాసు పట్టుకోలేకపోతే నేనే పట్టుకుని తాగించాను. రెండు గ్లాసులు తాగాడు. అరచేతులు ఉబ్బి ఉన్నాయి.

"ఇప్పుడూ తడవకపోతే సార్?" అన్నాడు మెల్లగా.

"తడుస్తుంది. భయపడకు."

హెడ్ వార్డర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. అదే చెంచా, అదే కొలత. అతను చాలాసేపు నమిలాడు. కాగితం మీద మళ్లీ పొడి నూకే పడింది.

"చూశావా నాస్తికం! మా అమ్మవారు చెప్పిందే నీ సైన్సూ చెప్పింది."

నేను కొట్టించిన భయాన్ని నేనే కొలిచాను. ఆ మాట నా నోట రాకముందే అతను అన్నాడు:

"నేనే తీశానండీ. రాసుకోండి."

"ఎక్కడ పెట్టావురా?"

"మీరెక్కడంటే అక్కడేనండీ."

గడియారం దొరకలేదు. సూపరింటెండెంటు తెలివైనవాడు. రిపోర్టులో బియ్యం ఊసే లేదు. విచారణలో ఖైదీ తనంతట తాను నేరం ఒప్పుకొన్నాడని, వార్డర్ సమక్షంలో ఒప్పుకొన్నాడని ఉంది. ఆ వార్డర్ని నేను. నా ఎదుట ఒప్పుకొన్న మాట నిజమే కదా అని సంతకం పెట్టాను. అతను దొంగ కాదని నా దగ్గర రుజువు లేదు, ఈనాటికీ లేదు. దొంగ అనే రుజువు కూడా ఎవరి దగ్గరా లేదు. నిందించేవాడే నిరూపించాలని ఎన్ని సభల్లో బల్ల గుద్ది చెప్పానో లెక్కలేదు. ఆ సాయంత్రం ఆ సూత్రం అవసరమైనవాడు నా కాళ్ల దగ్గరే కూచుని ఉన్నాడు.

శుక్రవారం బెయిలు రాలేదు. కస్టడీలో ఉండి దొంగతనం చేసినవాడికి ఏ మేజిస్ట్రేటిస్తాడు? కొత్త కేసు కూడా మీద పడింది. అటు నుంచి అటే దూరపు జైలుకు మార్చారు.

శనివారం అతని భార్య బట్టల సంచి తీసుకుపోవడానికి వచ్చింది. వాయిదా రోజు కోర్టు వరండాలో భర్త అంతా చెప్పినట్టున్నాడు. గేటు దగ్గర నన్ను గుర్తుపట్టింది.

"నీళ్లు తాగించింది మీరేనంట కదండీ?"

"అవునమ్మా."

"బియ్యం నమిలిస్తే దొంగెవరో తెలుస్తుందాండీ?"

"తెలియదమ్మా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆలోచించింది. "అయితే ఆ మాటే జడ్జి గారికి చెప్పండి. సంతకం పెట్టింది మీరే కదా, మీరు చెప్తే వింటారు. పండగకి ఇంకా పదకొండు రోజులుంది."

నాకప్పటికి ఉద్యోగం పర్మనెంటు కాలేదు.

"చూద్దామమ్మా," అన్నాను.

ఆమె సంచి తీసుకుని బస్టాండు వైపు వెళ్లింది. కోర్టు మా గేటుకు ఎదురు వీధిలోనే ఉంది, నడిస్తే ఐదు నిమిషాలు. నేను వెళ్లలేదు.