సూదిలో దారం
వీధి చివరి దర్జీకి సూదిలో దారం ఎక్కించడం పెద్ద గండం. కొసను నాలుకతో తడిపి, ఒక కన్ను మూసి, చేతులు దూరంగా చాచి, ఆఖరికి ఎదురుగా ఎవరుంటే వాళ్ళకిచ్చేస్తాడు. ఆరోగ్య బీమా చేయిస్తామంటూ వచ్చిన ఏజెంట్లంతా కాగితాలు చూపించారు. ఒక్కడు మాత్రం అడక్కుండానే సూది అందుకుని, "ఇకమీద ఇది నా పని బాబాయ్!" అన్నాడు. ఆ మాటకే దర్జీ అతణ్ణి ఎంచుకున్నాడు. "ఫారంలో కళ్ళ సంగతి కూడా రాశావా?" అని అడిగితే, "అన్నీ నేను చూసుకుంటాగా!" అన్నాడు. అన్నట్టే, వచ్చినప్పుడల్లా దారం ఎక్కించి పోయేవాడు.

తీరా కంటి ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి, చూపు తగ్గిన సంగతి దాచారంటూ కంపెనీ చేతులెత్తేసింది. "మీకు చూపు ఆనదని నాకేం తెలుసు బాబాయ్?" అన్నాడు ఏజెంటు, అలవాటుగా సూదిలో దారం ఎక్కిస్తూ.

దర్జీ ఆ దారం లాగేసి, కొసను మళ్ళీ నాలుకతో తడుపుకున్నాడు.