గొట్టం ఏసీ, చల్ల మిరపకాయలు

నాచారంలో మేం అద్దెకున్న వాటాకు పైన స్లాబు, ఆ పైన నేరుగా సూర్యుడు. ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే కూలర్లో నీళ్లు పోసే వంతు నాదా బాపుదా అని తగాదాపడటమే తప్ప, ఏసీ అన్న మాట మా ఇంట్లో పుట్టనే లేదు. పుట్టించింది మా బావ. అక్కకు తొలి కాన్పు, అదీ నడి ఎండల్లో. పుట్టింట్లోనే పురుడు పోయాలని అమ్మ పాత మెత్తటి చీరలన్నీ ఉతికి సిద్ధం చేసుకుంటుంటే, బావ ఉప్పల్ నుంచి ఫోన్ చేశాడు. "మామా, ఏమనుకోకు. మీ ఇల్లు తందూర్ లెక్కుంటది. ఏసీ వెట్టిస్తే పంపిస్త, లేకుంటే కాన్పు మా దగ్గర్నే" అన్నాడు. (మంచివాడే. కొత్తగా ఏసీ కొన్నవాళ్లు కొన్నాళ్లు అలాగే మాట్లాడతారు.) అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "తొలి కాన్పు గూడ జెయ్యలేని తల్లినైతినా!" అని కళ్లొత్తుకుంది.

నేనప్పుడు మల్లాపూర్‌లో ఓ ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరాను. మేనేజరు గదిలోకి కాగితాలు తీసుకెళ్లి, చల్లగాలి కోసం కాసేపు ఎక్కువే నిలబడేవాణ్ణి కాబట్టి ఇంట్లో ఏసీల నిపుణుణ్ణి నేనే. ముందు కిటికీ ఏసీ చూడటానికి బాపు స్నేహితుడి ఇంటికెళ్లాం. ఆ ఏసీ మోతలో మొగుడూ పెళ్లాం అరుచుకుంటుంటే పోట్లాట అనుకుని లేచాం. తీరా చూస్తే చాయ్‌లో చక్కెర సంగతి. పైగా మా గదికి ఉన్న ఒక్క కిటికీలో అది పట్టదు. పోనీ గోడకు కన్నం పెట్టి బిగించే స్ప్లిట్ ఏసీ అంటే, ఇంటి ఓనరమ్మ చీపురుతో సహా మెట్లెక్కి వచ్చింది. "నా గోడకు పొక్క గొడ్తరా? ముందు ఇల్లు ఖాళీ జెయ్యున్రి!" అంది.

అప్పుడు నేనే ఏఎస్ రావు నగర్‌లో ఓ షాపులో చక్రాల ఏసీని కనిపెట్టాను. గోడ కొట్టే పని లేదు. వెనకున్న లావుపాటి గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టి, చుట్టూ సందుల్లో అట్టముక్కలూ అమ్మ చీరా కుక్కేస్తే అయిపోయె. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం బావ అక్కను వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చాడు. బాపు చలి చూపించడానికి శాలువా కప్పుకుని మరీ కూర్చున్నాడు. బావ గాలికి చెయ్యి పెట్టి, "మంచిగనే ఉంది మామా" అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో అల్లుడికి పప్పులోకి చల్ల మిరపకాయలు వేయించడానికి వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ ఏసీలో నాకు తెలియని గుణం ఒకటుంది. గదిలో గాలిని గొట్టంలోంచి బయటికి తోసేసి, బదులు గాలిని దొరికిన ప్రతి సందులోంచీ లాక్కుంటుంది. మాకు దొరికింది తలుపు కింది సందు, దానికెదురుగా వంటిల్లు. మిరపకాయలు నూనెలో పడగానే ఆ ఘాటంతా నేరుగా మా గదిలోకి వచ్చేసింది. అందరం ఒక్కసారే దగ్గు. బాపు శాలువాలోంచే, "ఏం గాదు, జర అలవాటైతది" అన్నాడు. బావ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లేచాడు. "ఇదేం ఏసీ మామా! పసిబిడ్డ ఈడ ఉంటదా? లెవ్వు, పోదాం" అన్నాడు అక్కతో. గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చిన అమ్మ ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది.

అక్క లేచింది. కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ వంటింట్లోకి వెళ్లి పీట వాల్చుకుంది. "మాడినయా అమ్మా, మంచిగనే ఏగినయా? ముందు అన్నం వెట్టు" అంది. పప్పన్నంలో మిరపకాయ నలుపుకుని మారు వడ్డించుకు తింది. బావ గుమ్మంలో నిలబడి అలా చూస్తూనే ఉన్నాడు. "మా ఇంట్ల ఏం వెట్టినా రెండు ముద్దలు దాటదు" అన్నాడు మెల్లగా. తర్వాత పక్కనే కూర్చుని, "నాక్కూడ వెయ్యి అత్తమ్మా. మామా, ఆ ఏసీ బంద్ జేసి కిటికీ తెరువు. ఇగ ఈమె ఈడనే ఉంటది" అన్నాడు. అమ్మ ఏడుస్తూనే వడ్డించింది.

పురుడయ్యాక మేనకోడలు ఆ గదిలోనే, తడి పరదాలూ పాత కూలరూ పెట్టుకుని చల్లగా పెరిగింది. ఏసీ గొట్టం మీద దాని బట్టలు ఆరేసేవాళ్లం.

ఇప్పుడు మా ఇంట్లో గదికో స్ప్లిట్. ఒకటి సరిగ్గా నా దిండు మీదే కారుతుంది. మిగతావన్నీ మహా బుద్ధిమంతులు, వంటింట్లో ఏం వేగినా గదిలోకి తెలియనివ్వవు. సెలవులకొచ్చిన మేనకోడలు దుప్పటి కప్పుకుని పడుకుంటే, వంటింట్లో చల్ల మిరపకాయలు నూనెలో పడగానే నేను లేచి తలుపు ఓరగా తీస్తాను. "మామా, చల్లదనమంతా పోతుంది, తలుపెయ్యి" అంటుంది. "ఏస్త తల్లీ, జర ఆగు" అంటాను. మొదటి దగ్గు వచ్చాక వేస్తాను.